పాత గడప, కొత్త తలుపు

మొదటి వారం

బెంగళూరులో కె.ఆర్.పురం వైపు మా ఇల్లు పడమటి ముఖం. మధ్యాహ్నం రెండు దాటితే ఎండంతా సింహద్వారం మీదే, జూన్ నుంచి అక్టోబరు దాకా జల్లంతా దాని కాళ్ల మీదే. 2011లో బిల్డర్ బిగించిన ఫ్లష్ డోర్ (ప్లైవుడ్ పొరలు అంటించిన చదును తలుపు) ఇన్నాళ్లు ఉండటమే ఎక్కువ. కింది అంచు ఉబ్బిపోయి, వేలు పెడితే పొరలు పొరలుగా ఊడుతోంది. వానాకాలంలో ఆఫీసు నుంచి వస్తే భుజం పెట్టి నెడితేగానీ లోపలికి రాలేం.

రెండేళ్లుగా ఆదివారాలు వడ్రంగం నేర్చుకుంటున్నాను. ఒక చెప్పుల స్టాండు, రెండు పీటలు, దేవుడి అర అయ్యాయి. ఈసారి తలుపు అనగానే మా ఆవిడ ఒకే షరతు పెట్టింది: "తలుపు లేని ఇంట్లో నేను ఒక్క రాత్రి కూడా పడుకోను."

అమ్మ మదనపల్లె నుంచి ఫోన్‌లో ఇంకొకటి: "గడప మాత్రం కదపొద్దురా." గడప మీద నాకు అంత పట్టింపు లేదు కానీ, ద్వారబంధం తీయాలంటే చుట్టూ గోడ పగలగొట్టి మళ్లీ పూత వేయాలి. స్క్రూడ్రైవర్‌తో పది చోట్ల గుచ్చి చూశాను. చేవ ఉన్న టేకు, ఎక్కడా దిగలేదు. కాబట్టి అమ్మ మాటే నెగ్గింది.

ఇక కొలతలు. వెడల్పు పైన 1052 మి.మీ., మధ్యలో 1049, కింద 1045. ఎత్తు ఎడమవైపు 2085, కుడివైపు 2079. మూల నుంచి మూలకు టేపు పట్టి చూస్తే రెండింటికీ 9 మి.మీ. తేడా. ఇన్నేళ్లూ ఈ గుమ్మంలోంచి తిరుగుతున్నా వంకర ఉందని కంటికి ఆనలేదు. ఒక్కచోట కొలిచి ఆర్డర్ ఇచ్చి ఉంటే కొంప మునిగేది. పక్కలా పైనా 3, కింద 6 మి.మీ. సందు ఉండాలి. అందుకే తలుపు 1050 × 2080 చేయించి, మిగిలింది ఇంటి దగ్గర చిత్రిక పట్టుకుందామని నిర్ణయించాను.

రెండో వారం

స్టీల్ తలుపు చూశాను, బాగానే ఉంది. కానీ అది సొంత ద్వారబంధంతో వస్తుంది, అంటే గడప కదులుతుంది. డబ్ల్యూపీసీ (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసేది) బాత్రూముకి ఓకే, సింహద్వారానికి మనసు రాలేదు. ఫ్లష్ డోర్ కొనేవాళ్లు వాటికుండే భారత ప్రమాణం ఐఎస్ 2202 ముద్ర చూసుకోండి. ఆ ఎండకి నేను మాత్రం మళ్లీ పెట్టను.

చివరికి చెక్క తలుపే అనుకుని మైసూర్ రోడ్డు, టింబర్ యార్డ్ లేఅవుట్ వెళ్లాను. ఏ కొట్లో అడిగినా చెక్క "ఫుల్ సీజన్డ్ సార్" అన్నారు, అంటే బాగా ఆరినదని. జేబులోంచి తేమ కొలిచే మీటరు తీశాను. మొదటి కొట్లో 18 శాతం, రెండో దాంట్లో 17, మూడో చోట 13. మీటరు చూశాక మూడో ఆయన నవ్వి టీ చెప్పించాడు. చెక్క అక్కడే తీసుకున్నాను.

ధర సీఎఫ్‌టీల్లో (ఘనపుటడుగుల్లో) చెప్తారు, మనకూ లెక్క తెలిసి ఉండాలి. 7 × 3.5 అడుగుల తలుపుకి 2 అంగుళాల చెక్క అనుకుంటే 4 సీఎఫ్‌టీ పైచిలుకు. చిత్రిక పట్టాక మందం 38 మి.మీ. మిగులుతుంది. మధ్య పలకలు పలచన కాబట్టి కొంత తగ్గాలి, అది అడిగి తగ్గించుకోవాలి. తలుపు చేసి, పాలిష్ వేయకుండా ఇమ్మన్నాను. రంగు కొట్టేస్తే చేవ ఏదో, పక్కనుండే తెల్లచెక్క ఏదో పోల్చలేం. నాకు తలుపు 31 వేలు, ఆటో ట్రాలీ 1,200 పడ్డాయి.

మూడు, నాలుగు వారాలు

చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. తలుపుని హాల్లో మూడు చెక్కముక్కల మీద పడుకోబెట్టి, మా ఇంటి గాలికి అలవాటు పడనిచ్చాను. తేమ 11కి దిగింది. పిల్లలు దాని మీద క్యారమ్స్ ఆడారు.

అయిదో వారం

మా వీధి చివర వడ్రంగి ఆచారి గారిని తోడు పిలిచాను. పొద్దున పాత తలుపు దించి, కొత్తదాన్ని చీలికల మీద నిలబెట్టి, ఎక్కడ రాసుకుంటోందో పెన్సిల్‌తో గీసి, దించి చిత్రిక పట్టి, మళ్లీ నిలబెట్టడం. నాలుగు సార్లు. బరువు 45 కిలోల పైనే, ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. సాయంత్రం పాత తలుపుని దాని చోట మళ్లీ బిగించేశాం, షరతు షరతే కదా.

తాళం దగ్గర నా పొరపాటు. నేల నుంచి మీటరు ఎత్తులో గుర్తు పెట్టి డ్రిల్లు చేతికి తీసుకున్నాను. ఆచారి గారు వేలితో టక్కున తట్టి, "అక్కడ కూసం ఉంది సార్" అన్నారు. మధ్య అడ్డపట్టీ వచ్చి నిలువుపట్టీలో దూరే చోటు సరిగ్గా అదే. మార్టిస్ తాళానికి (తలుపు మందంలోకి దూర్చి బిగించేది) అక్కడ బెజ్జం తొలిస్తే కూసం తెగి, అతుకు వదులైపోయేది. కూసాలు కదలడం అంటే ఏమిటో ఆ రోజు కళ్లకు కట్టింది. తాళం నాలుగంగుళాలు పైకి జరిపాం.

మిగతా వారమంతా పాలిష్. 120, 180, 320 నంబరు గరుకు కాగితాలతో రుద్ది, బయటి వాడకానికి పనికొచ్చే పీయూ (పాలీయూరిథేన్) పాలిష్ మూడు కోట్లు. మెలమైన్ పాలిష్ లోపలి తలుపులకే. పై అంచుకీ కింది అంచుకీ కూడా తప్పకుండా వేయాలి. ఎవరికీ కనపడదని కింది అంచుని వదిలేస్తే, చెక్క అక్కడి నుంచే నీళ్లు తాగుతుంది. మా పాత తలుపు పోయింది అలాగే.

ఆరో వారం

పాత బందులు నాలుగంగుళాలవి, మూడు. కొత్తవి అయిదంగుళాలవి, స్టెయిన్‌లెస్ స్టీలు, నాలుగు. ద్వారబంధంలోని పాత స్క్రూ బెజ్జాల్లో జిగురు పూసిన టేకు పుల్లలు కొట్టి మూసి, మళ్లీ 3 మి.మీ. డ్రిల్లు వేశాను. ఒకచోట బద్ధకించి డ్రిల్లు లేకుండానే తిప్పితే స్క్రూ తల పుటుక్కున తెగింది. ఆ ఒక్క స్క్రూ తీయడానికి గంట పట్టింది. ఆ తర్వాత ప్రతి స్క్రూకీ సబ్బు రాశాను.

ఎక్కించాక చూస్తే తలుపు సరిగ్గా మూతపడదు. నెట్టి వదిలితే స్ప్రింగులా వెనక్కి వస్తోంది. నేను తాళం మీద అనుమానపడ్డాను. ఆచారి గారు కింది బందు కేసి చూపించారు. దాని గాడిని నా ఉలి ఎక్కువ లోతుకి తొలిచేసింది. ఆయన టీపాయ్ మీదున్న శుభలేఖ అందుకుని, బందు కొలతకి రెండు ముక్కలు కత్తిరించి వెనక పెట్టి బిగించారు. తలుపు మెత్తగా వచ్చి కూర్చుంది. ఆ పెళ్లి వచ్చే నెల, తేదీ చూసుకోవడానికి ఇప్పుడు మా దగ్గర కార్డు లేదు.

నాలుగింటికి వాన. గాలి పడమర నుంచే. కింద సందులోంచి కాస్త నీళ్లు లోపలికి వచ్చాయి, రబ్బరు పట్టీ వేయాలి.

అమ్మకి వీడియో కాల్‌లో చూపించాను. గడపకి పసుపు ఉందో లేదో ముందు చూసింది, తలుపు తర్వాత. "మామిడాకులు కట్టడానికి మేకులేవిరా?" అంది. పాత వాటిని పాలిష్ కోసం నేనే పీకేశాను. ఆదివారం ఇత్తడి కొక్కేలు తేవాలి.