హార్జ్ కొండల్లో ఎండిన అడవి

నిన్న జర్మనీలో హార్జ్ కొండలెక్కాం. బ్రోకెన్ శిఖరం దారిలో సూదాకుల స్ప్రూస్ చెట్లు నిలువునా ఎండి, బూడిదరంగు కర్రల్లా నిలబడ్డాయి. గుండె కలుక్కుమంది.

ఓ బెరడు ముక్క తిప్పి చూశా. నడుమ నిలువు గాడి, రెండు పక్కలా దువ్వెన పళ్లలా సన్నటి చారలు. గాడి తల్లి బెరడు పురుగు తొలిచింది, చారలు దాని పిల్లలు తొలుచుకుపోయిన దారులు. ఒంట్లో నీళ్లుంటే స్ప్రూస్ జిగురు కార్చి పురుగుని బయటికి నెట్టేస్తుంది. 2018 నుంచి వరసగా కొన్నేళ్లు వానలు చాలక ఆ జిగురే ఊరలేదు. పైగా ఎండలు ముదిరితే పురుగు ఒకే వేసవిలో ఇంకో తరాన్ని కంటుంది.

అసలు కింది వాలుల్లో ఉండాల్సినవి బీచ్ అనే ఆకురాల్చే చెట్లు. గనుల కలప కోసం స్ప్రూస్ ఒక్కటే నాటుకుంటూ పోయారట. మనవైపు యూకలిప్టస్ తోటలు గుర్తొచ్చాయి.

పడిపోయిన మానుల మధ్య మోకాలెత్తు బిర్చ్, రోవాన్ మొక్కలు. ఓ లేతాకు పట్టుకుని కాసేపు అక్కడే కూర్చుండిపోయా.