మిగతాది ఎటు పోయిందిరా?

శక్తి రూపాంతరాల పాఠమంటే బోర్డు మీద బాణాలు గీయడం ఎక్కడైనా ఉన్నదే. మన బడి సైన్సు మేష్టారు మాత్రం ప్రతి పెద్ద బాణం పక్కనుంచి కిందికి ఇంకో చిన్న బాణం గీయించేవారు. దాని కొసన ‘వేడి’ అనో ‘చప్పుడు’ అనో రాసేదాకా జవాబు పూర్తయినట్టు కాదు. “మిగతాది ఎటు పోయిందిరా?” అని అడిగేవారు. ఈ పాఠానికి ప్రాణం ఆ చిన్న బాణమే అని నా నమ్మకం. శక్తిని సృష్టించలేం, నాశనం చేయలేం అని పిల్లలు గడగడా అప్పజెప్పేస్తారు. అదే దొర్లి ఆగిన బంతి శక్తి ఏమైందంటే మాత్రం “అయిపోయిందండీ” అంటారు.

ఆ మాటకు మేష్టారి జవాబు సీసపు గుండ్ల పైపు. ఇప్పుడు పాఠం చెప్పేవాళ్లకు పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను. మీటరు పొడవు, ఒకటిన్నర అంగుళాల పీవీసీ పైపు ఒకటి, చేపల వలకు కట్టే చిన్న సీసపు గుండ్లు అరకిలో కావాలి. విశాఖలో ఆ గుండ్లకు కొదవలేదు. పైపు రెండు చివరలా గట్టి బిరడాలు బిగించాలి. ఒక చివరకు మూడు సెంటీమీటర్ల పైన థర్మామీటరు పట్టేంత రంధ్రం చేసి, దానికీ చిన్న రబ్బరు బిరడా పెట్టాలి. గుండ్లు అడుగున ఏడు సెంటీమీటర్ల మేర నిలుస్తాయి కాబట్టి థర్మామీటరు బుడ్డి వాటి మధ్యలోకి దిగుతుంది. ముందు ఉష్ణోగ్రత రాసుకుని, థర్మామీటరు తీసేసి, పైపును 50 సార్లు తిరగెయ్యాలి. చివరిసారి గుండ్లు రంధ్రం ఉన్న వైపే పడాలి. వెంటనే మళ్లీ కొలవాలి.

పడి ఆగిన గుండ్ల కదలిక శక్తి వేడిగా మారుతుంది కాబట్టి, లెక్క ప్రకారం సుమారు 3.5 డిగ్రీలు పెరగాలి. రెండు, రెండున్నర కనిపిస్తే ప్రయోగం బాగా జరిగినట్టే. మిగతాది పైపు గోడకూ, బిరడాలకూ, చప్పుడుకూ పోయింది. అంటే చిన్న బాణానికి కూడా చిన్న బాణాలున్నాయి. తేడా కొట్టేది ఎక్కువగా పట్టుకునే తీరులోనే. గుండ్లు పడే చివర అరచేతితో పట్టుకుంటే ఒంటి వేడి లోపలికి చేరి లెక్క చెడుతుంది. పైపును నడుమ పట్టుకోవాలి. నెమ్మదిగా వంచితే గుండ్లు పడకుండా జారుతాయి, అప్పుడు వేడిలో చాలా భాగం గోడే తీసుకుంటుంది. ఒక్కసారిగా తిప్పి, ‘దబ్’మని వినిపించాక మళ్లీ తిప్పాలి. జ్వరం చూసే థర్మామీటరు ఇక్కడ పనికిరాదు, దాని కొలత 35 డిగ్రీల దగ్గర మొదలవుతుంది. పని అయ్యాక అందరూ సబ్బుతో చేతులు కడుక్కోవాలి, సీసం విషం.

గుండ్లు రెట్టింపు చేస్తే ఏమవుతుందని అడిగితే క్లాసంతా వేడి రెట్టింపవుతుందంటుంది. కానీ ఉష్ణోగ్రత దాదాపు అంతే పెరుగుతుంది. రెట్టింపు బరువు పడితే రెట్టింపు వేడి పుడుతుంది, దాన్ని పంచుకునే సీసం కూడా రెట్టింపే. సీసం బదులు ఇసుక పోస్తే అర డిగ్రీ దాటదు. అదే వేడికి ఇసుక సీసమంత త్వరగా వేడెక్కదు.

సైకిలు డైనమో ప్రయోగం దీనికి జోడీ. సైకిలు తలకిందులుగా నిలబెట్టి, 6 వోల్టుల, 3 వాట్ల డైనమోను టైరు పక్కకు ఆనించి, చేత్తో పెడల్ తిప్పాలి. బల్బు వైరు ఊడదీస్తే పెడల్ తేలిగ్గా తిరుగుతుంది. తగిలించగానే బరువెక్కుతుంది. ప్రతి పిల్లా, పిల్లాడూ ఇది తమ చేత్తో తిప్పి చూడాలి, మేష్టారు తిప్పి చూపిస్తే దండగ. వెలుగు ఊరికే రాదని అప్పుడే తెలుస్తుంది. బల్బు వెలగకపోతే ముందు డైనమోను చట్రానికి బిగించిన చోట రంగూ తుప్పూ గీకండి, కరెంటు తిరిగి వెళ్లేది సైకిలు చట్రం గుండానే. నిమ్మకాయలో రాగి, జింకు ముక్కలు గుచ్చి చేసే బ్యాటరీ గురించి ఒక్క మాట: అక్కడ శక్తినిచ్చేది నిమ్మకాయ కాదు, కరిగే జింకు.

చివరగా మన ఊరి కరెంటు. పరవాడ దగ్గర సింహాద్రి థర్మల్ కేంద్రానికి ఒడిశాలోని తాల్చేరు గనుల బొగ్గు రైళ్లలో వస్తుంది. స్థాపిత సామర్థ్యం 2000 మెగావాట్లు. బొగ్గులోని రసాయన శక్తి ఆవిరి వేడిగా, టర్బైన్ కదలికగా, తర్వాత విద్యుత్తుగా మారుతుంది. శక్తి ఎంతో బాణం అంత లావుగా గీయమంటే ఇక్కడ కింది బాణమే లావుగా వస్తుంది. ఇలాంటి కేంద్రాల్లో మూడో వంతుకు కాస్త ఎక్కువే కరెంటుగా మారుతుంది. మిగతాదాంట్లో ఎక్కువ భాగాన్ని చల్లబరిచే సముద్రపు నీళ్లు, కొంత పొగగొట్టం తీసుకుపోతాయి.

ఈ బొమ్మ పక్కనే, ఆంధ్ర-ఒడిశా సరిహద్దులో 1955లో మొదలైన మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం బొమ్మ గీయిస్తే కింది బాణం సన్నగా వస్తుంది. ఎందుకని అడిగి, పిల్లల్ని ఆలోచించుకోనివ్వాలి. ఎత్తు నుంచి దూకే నీరు కదలికగానే టర్బైన్‌ను తాకుతుంది. బొగ్గు దగ్గరైతే ముందు వేడి చేసి, ఆ వేడిని కదలికగా మార్చాలి. ఆ మెట్టు దగ్గరే ఎక్కువ శక్తి చేజారిపోతుంది.