నానోవైర్లు ఎన్ని మీటర్లమ్మా?

కాలేజీకి నేనేమీ బాకీ లేనని చెప్పే నో డ్యూస్ కాగితం మీద సంతకం ఇవాళే పడింది. మంట చల్లారకముందే రాసేస్తున్నా.

నా ఎమ్మెస్సీ ప్రాజెక్టు రాగి నానోవైర్లతో, అంటే కంటికి కనపడనంత సన్నటి తీగలతో, గ్లూకోజ్‌ని కొలిచే సెన్సర్. ఎంజైమ్ అక్కర్లేదు. క్షార ద్రావణంలో రాగి మీద ఏర్పడే ఆక్సైడే గ్లూకోజ్‌ని ఆక్సీకరిస్తుంది, అప్పుడొచ్చే కరెంటుని కొలుస్తాం. 200 నానోమీటర్ల (నానోమీటరంటే మిల్లీమీటర్లో పది లక్షలో వంతు) రంధ్రాలున్న అల్యూమినా, అంటే అల్యూమినియం ఆక్సైడ్, పొరకి ఒకవైపు చెన్నైలో బంగారం పూత వేయించా. కాపర్ సల్ఫేట్‌లో పెట్టి, ఆ పూత ద్వారా కరెంటు పంపి రంధ్రాల్లో రాగి పట్టించా. సోడియం హైడ్రాక్సైడ్‌లో వేస్తే పొర కరిగిపోయి తీగలు మిగిలాయి. గ్లూకోజ్ చుక్క వేసినప్పుడల్లా గ్రాఫు మెట్టు మెట్టుగా లేచింది. మా బ్యాచ్‌లో అంత శుభ్రమైన గ్రాఫు ఇంకెవరికీ రాలేదు!

అసలు నరకం కాలేజీ స్టోర్‌లో. బిల్లులో 'గోల్డ్' అన్న మాట చూసి, వాడితే అయిపోయే సరుకుని తీసుకెళ్లి బీరువాలు, ఫ్యాన్లు ఉండే రిజిస్టర్‌లో ఎక్కించారు. ఇప్పుడేమో వస్తువు చూపిస్తేనే సంతకమట.

"పొర కరిగించేశాను సార్."

"ఏందీ, బంగారం కరిగించేశావా?" అన్నాడు స్టోర్ గుమాస్తా.

ఫీజు కట్టడానికి వరసలో ఉన్న పిల్లలంతా నావైపు తిరిగారు. కాగితం మీద లెక్క వేసి చూపించా: 13 మిల్లీమీటర్ల బిళ్ల మీద 100 నానోమీటర్ల పూతంటే బంగారం పావు మిల్లీగ్రాము. టీ ఖరీదు కూడా చెయ్యదు. "ఆడపిల్లవి, బంగారం లెక్కలు నీకు మేం చెప్పాల్నా?" అని నవ్వాడు. ఆ నవ్వు ఇంకా చెవుల్లోనే ఉంది.

"పోనీ వైర్లన్నా చూపించు. ఎన్ని మీటర్లు?"

ఒళ్లు మండి చెప్పా. చదరపు సెంటీమీటరుకి సుమారు 100 కోట్ల తీగలు, ఒక్కోటి 10 మైక్రాన్ల (మిల్లీమీటర్లో వందో వంతు) పొడవు, మొత్తం 10 కిలోమీటర్లు. నెల్లూరు నుంచి పెన్న దాటి కోవూరు దాకా లాగినా ఇంకా మిగులుతుంది. ఆయన తాపీగా పెన్ను తీసి 'తీగ 10 కి.మీ.' అని రాసుకుని, "అయితే చుట్ట చుట్టి అప్పజెప్పు" అన్నాడు.

చివరికి మా హెడ్ గారు 'ప్రయోగంలో ఖర్చయింది' అని లెటర్ రాసిచ్చారు. దానికి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ ఫొటో జతచేశాకే సంతకం పడింది.

పూత వేయించేవాళ్లు బిల్లులో 'కోటింగ్ ఛార్జీలు' అని మాత్రమే రాయించుకోండి. పొరని మొన చదునుగా ఉన్న ప్లాస్టిక్ పట్టకారుతో పట్టుకోండి, కాస్త నొక్కితే పుటుక్కున విరుగుతుంది. రక్తంలో ఉండే విటమిన్ సి, యూరిక్ యాసిడ్ గ్లూకోజ్ కొలతకి అడ్డొస్తాయేమో ముందే పరీక్షించి పెట్టుకోండి, వైవాలో నన్ను మొదట అడిగింది అదే.