240 వరుసలు, 40 తలలు

ఏ టెస్ట్ వాడాలని ఎవరడిగినా నేను ముందు షీట్ తెరవమంటాను. అమలాపురంలో స్టాటిస్టిక్స్ పాఠాలు చెప్పి రిటైరయ్యాను కదా, థీసిస్‌ల సీజన్లో కాకినాడ పీజీ పిల్లలు మా అరుగు మీదే ఉంటారు.

మొన్న మా మేనకోడలు ట్రాన్స్‌క్రేనియల్ డాప్లర్ డేటా పట్టుకొచ్చింది. పుర్రె బయటి నుంచే మెదడు రక్తనాళాల్లో రక్తం వేగం చూసే అల్ట్రాసౌండ్ అది. కణత మీద 2 మెగాహెర్ట్జ్ ప్రోబ్ ఆనించి, మిడిల్ సెరిబ్రల్ ఆర్టరీ అనే మెదడు ధమనిలో రక్తం సెకనుకి ఎన్ని సెంటీమీటర్లు పరుగెడుతోందో చూస్తారు. ఆస్లిడ్ అనే పరిశోధకుడి బృందం 1982లో చూపించిన పద్ధతి.

"240 వరుసలున్నాయి మావయ్యా, పీ వాల్యూ బ్రహ్మాండంగా వచ్చింది" అంది. అసలు తేడా లేకపోయినా ఇంత తేడా యాదృచ్ఛికంగా కనబడే అవకాశం ఎంతో చెప్పే అంకె అది, ఎంత చిన్నదైతే అంత సంబరం. మనుషులు చూస్తే 40 మందే. కుడి, ఎడమ, ఒక్కో వైపు మామూలుగా ఒకటి, ఊపిరి బిగబట్టాక ఒకటి, తేరుకున్నాక ఒకటి. ఒకే చెట్టు కాయలు కొలిచి తోటంతా కొలిచానంటే దింపు తీసేవాడు కూడా నవ్వుతాడమ్మా అన్నాను.

అసలు చిక్కు కోణంలో ఉంది. ఈ డాప్లర్‌లో ధమని కనబడదు, శబ్దం వినబడుతుందంతే. అల్ట్రాసౌండ్ పుంజం రక్తం పారే దిశకి 30 డిగ్రీలు పక్కగా తగిలితే అసలు వేగంలో 87 శాతమే చూపిస్తుంది. ఒకరికి 50, ఇంకొకరికి 60 వచ్చిందంటే ఆ తేడా రక్తానిదో కోణానిదో ఎవరు చెప్తారు? అదే మనిషికి, అదే వైపు, ప్రోబ్‌ని హెడ్‌బ్యాండ్‌తో బిగించి రెండుసార్లు చూస్తే ఆ గొడవ లేదు. వేగానికి లాగ్ (లాగరిథం) తీసుకుంటే కోణం తాలూకు గుణకం కూడికగా మారిపోయి, తీసివేతలో ఎగిరిపోతుంది. నాకు చాలా ఇష్టమైన లెక్క ఇది.

అంచేత ఊపిరి బిగబట్టక ముందు, తర్వాత అన్నదే ప్రశ్నైతే, ఒక్కో వైపు లాగ్ తేడా తీసి, రెండు వైపులకీ సగటు కట్టి, మనిషికొక్క అంకెతో పెయిర్డ్ టీ-టెస్ట్ చాలు, అంటే ఎవరి ముందు-తర్వాత తేడా వాళ్లకే చూసి, ఆ తేడాల సగటు సున్నాకి దూరంగా ఉందా అని అడిగేది. మూడు దశలూ, వయసూ కలిపి చూడాలంటే మిక్స్‌డ్ మోడల్, అంటే ఒకే మనిషి కొలతలు ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయని లెక్కలోకి తీసుకునేది. అందులో మనిషికో రాండమ్ ఎఫెక్ట్ (అందరి సగటు నుంచి ఆ మనిషి ఎంత పక్కకున్నాడో), ఆ మనిషిలో వైపుకొకటి.

షీట్‌లో కొన్ని గళ్లలో గీతలున్నాయి. "సిగ్నల్ దొరకనివి, తీసేద్దామా?" అంది. ఎవరివో చూడమన్నాను. అన్నీ పెద్దవయసు ఆడవాళ్లవే. వాళ్లలో కణత ఎముక అల్ట్రాసౌండ్‌ని సరిగ్గా పోనివ్వకపోవడం మామూలే. చెప్పకుండా తీసేస్తే మిగిలేది కుర్ర మగాళ్ల మెదడు. ఎంతమందికి దొరకలేదో, వాళ్ల వయసులేమిటో మొదటి టేబుల్‌లోనే వేయించాను.

వాళ్ల గైడు గారు 240 వరుసలూ వేరువేరు మనుషులన్నట్టు చూసే మామూలు టీ-టెస్టే కావాలంటే మాత్రం నాకు ఫోన్ కలపమన్నాను.