పెదవాల్తేరు డాబా మీద అరవై ముక్కలు

గోదావరి ఎక్స్‌ప్రెస్ దిగేసరికి వైజాగ్‌లో అప్పుడే తెల్లవారుతోంది. స్టేషన్ బయట ఆటో అతను పెదవాల్తేరుకి మూడొందలు అడిగాడు. అంత దగ్గరకి అది అన్యాయం. షేర్ ఆటోలో ఆర్టీసీ కాంప్లెక్స్‌కి వెళ్లి, అక్కడ సిటీ బస్సెక్కాను. ముప్ఫై రూపాయల్లో తేలిపోయింది. పొద్దున్న ఆరింటికే చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

మూడు రోజుల్లో సింహాచలం దర్శనమైంది, బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్ లోపల నడిచాం, కైలాసగిరి ఎక్కాం. వాటి గురించి చాలామంది రాశారు. నేను రాయదలచుకున్నది మిత్రుడి ఇంటి డాబా గురించీ, అక్కడ వాళ్ల తమ్ముడు నా ముందు పరిచిన కార్డుల గురించీ.

ఆట మ్యాజిక్: ది గ్యాదరింగ్. 1993లో మొదలైంది. ఎవరి డెక్ (పేక) వాళ్లు తెచ్చుకుని, క్రీచర్లతోనూ (పోరాడే జీవులు) మంత్రాలతోనూ ఎదుటివాడి ఇరవై ప్రాణాలూ తీసెయ్యాలి. ల్యాండ్ కార్డులు మనా అనే శక్తినిస్తాయి, మిగతా కార్డులు వెయ్యడానికి ఆ మనాయే ఖర్చు. అందులో పాపర్ అనే పద్ధతి ఉంది: ఎప్పుడో ఒకప్పుడు కామన్‌గా (తేలిగ్గా దొరికే రకంగా) వచ్చిన కార్డులే వాడాలి. డెక్‌లో కనీసం 60, సైడ్‌బోర్డ్‌లో (ఆటల మధ్య మార్చుకునే అదనపు కార్డులు) 15 దాకా, మామూలు ల్యాండ్లు తప్ప ఏ కార్డూ నాలుగు కాపీలు మించకూడదు. విద్యార్థి జేబుకి సరిపోయే పద్ధతి ఇదే. అబ్బాయిది బ్లూ-బ్లాక్ కంట్రోల్: ఎదుటివాడు వేసిందల్లా అడ్డుకుని, మిగిలింది చంపి, నెమ్మదిగా గెలిచే డెక్.

"ఓడిపోవట్లేదన్నయ్యా, ఆట తేలట్లేదు. టైమైపోతోంది. ఏటి చెయ్యాలో తెలీట్లేదు" అన్నాడు.

ముందు కార్డుల ఒంటి సంగతి చూడాల్సొచ్చింది. హైదరాబాద్‌లో నేను పట్టించుకోని విషయం ఇది. వాడి మెరుపు కార్డులన్నీ బొమ్మ వైపుకి పడవల్లా వంగాయి. ఫాయిల్ కార్డులో ఒక పొర కాగితం, ఒక పొర రేకు. సముద్రపు తేమకి కాగితం ఉబ్బుతుంది, రేకు ఉబ్బదు, అందుకే వంపు. వంగిన కార్డు పేకలో ఎక్కడుందో పైనుంచే తెలిసిపోతుంది, పోటీలో అది తప్పు కిందకే వస్తుంది. కాబట్టి ఫాయిల్ వద్దు, అదే కార్డు మామూలుది చౌక కూడా. కార్డు 63 × 88 మిల్లీమీటర్లు. లోపల బిగుతుగా పట్టే పల్చటి స్లీవ్ తలకిందులుగా తొడిగి, దానిపైన మామూలు స్లీవ్ పైకి తెరుచుకునేలా తొడిగితే రెండు నోళ్లూ చెరో వైపు ఉంటాయి, గాలి తేలిగ్గా చొరబడదు. డబ్బాలో సిలికా జెల్ పొట్లం ఒక్కటి చాలు. నాలుగైదు కుక్కితే కాగితం ఎండి కార్డు ఈసారి వెనక్కి వంగుతుంది. బీచ్‌లో కొనుక్కొచ్చిన మురీ మిక్చర్ పక్కన పెట్టుకుని ఎవరూ కార్డు ముట్టుకోకూడదని కూడా చెప్పాను. నూనె మరకకి మందు లేదు.

ఇక డెక్. లెక్కపెడితే 63 ఉన్నాయి. "ఏది తియ్యాలో తేలక వదిలేశాను" అన్నాడు. ఈ మూడే పెద్ద నష్టం. నాలుగు కాపీలున్న కార్డు 60 ముక్కల డెక్‌లో మొదటి పది ముక్కల్లోపు ఒక్కటైనా వచ్చే అవకాశం 52.8 శాతం, 63లో 50.8. రెండు శాతమే కదా అనిపిస్తుంది. కానీ ఆ రెండు శాతం డెక్‌లోని ప్రతి మంచి కార్డుకీ పడుతుంది, ప్రతి ఆటలోనూ పడుతుంది.

ల్యాండ్లు 22. మొదటి ఏడు ముక్కలు, తర్వాత మూడు డ్రాలు, మొత్తం పదిలో సగటున 3.5 ల్యాండ్లు వస్తున్నాయి. నాలుగో టర్న్‌కి నాలుగు ల్యాండ్లు కావాల్సిన డెక్ ఇది. పైగా ఆ 22లో పన్నెండు నెమ్మదివి: నాలుగు డిస్మల్ బ్యాక్‌వాటర్, నాలుగు ఇవాల్వింగ్ వైల్డ్స్, నాలుగు టెర్రామార్ఫిక్ ఎక్స్‌పాన్స్. బ్యాక్‌వాటర్ నిద్రపోతూ (ఆ టర్న్‌కి మనా ఇవ్వకుండా) వస్తుంది, మిగతా రెండూ నిద్రపోయే ల్యాండ్‌ని తెస్తాయి. రెండో టర్న్‌లో రెండు బ్లూ మనా నిలబెట్టి కౌంటర్‌స్పెల్ (ఎదుటివాడు వేసే కార్డుని రద్దు చేసేది) పట్టుకోవాల్సినవాడు ఆ టర్న్ ఖాళీగా పోగొట్టుకుంటాడు. అక్కడ జారిన టర్న్ మళ్లీ దొరకదు.

ఈ డెక్ బాగుచెయ్యడానికి ఖరీదైన కార్డు ఒక్కటీ అక్కర్లేదు. ముందు ల్యాండ్లు మార్చాం. ఐలండ్లు (బ్లూ మనా ఇచ్చేవి) ఎనిమిది, స్వాంపులు (బ్లాక్ మనావి) నాలుగు, కంటామినేటెడ్ యాక్విఫర్ నాలుగు, యాష్ బ్యారెన్స్ నాలుగు, బొజూకా బాగ్ ఒకటి. మొత్తం 21, అందులో నిద్రపోతూ వచ్చేవి ఐదే. యాష్ బ్యారెన్స్ గొప్పతనం ఏమిటంటే తొందరగా ఉంటే రంగులేని ల్యాండ్‌గా లేచే వస్తుంది, తీరిగ్గా ఉంటే ఒక్క మనాకి పారేసి కావాల్సిన మామూలు ల్యాండ్ తెచ్చుకోవచ్చు.

21 తక్కువ కదా అని వాడు అడిగాడు. తక్కువ కాదు, ఎందుకంటే పక్కనే నాలుగు లోరియెన్ రివీల్డ్ పెట్టాం. ఇది 2023లో వచ్చిన కార్డు. ఐదు మనా ఉంటే మూడు ముక్కలు తీసుకోవచ్చు. లేకపోతే ఒక్క మనాకి పారేసి ఐలండ్ రకం ల్యాండ్ వెతుక్కోవచ్చు. యాక్విఫర్ ఐలండూ అవును, స్వాంపూ అవును, కాబట్టి దాన్నే తెస్తే రెండు రంగులూ ఒకేసారి సర్దుకుంటాయి. మొదట్లో ల్యాండ్, చివర్లో సంపద. బ్లూ డెక్ బాగుచెయ్యాలనుకునేవాళ్లు వేరే దేన్ని వదిలినా దీన్ని వదలకూడదు.

వాడి పాత డెక్‌లో అడ్డుకునే కార్డులు, అంటే కౌంటర్లు, పద్నాలుగు: కౌంటర్‌స్పెల్ నాలుగు, ఎసెన్స్ స్కాటర్ నాలుగు, క్యాన్సిల్ నాలుగు, మనా లీక్ రెండు. కొత్తగా కంట్రోల్ పట్టినవాళ్లు అందరూ చేసే పనే ఇది. కానీ కౌంటర్ అనేది గాలిలో ఉన్న రాయిని పట్టుకోవడానికే. నేలమీద పడిపోయినదాన్ని ఏమీ చెయ్యలేదు. ఎదుటివాడు ముందు ఆడి మొదటి టర్న్‌లోనే ఒక జంతువుని దింపితే, చేతినిండా కౌంటర్లు పట్టుకుని దాని దెబ్బలు తింటూ కూర్చోవాలి. ఎనిమిదికి తగ్గించాం: కౌంటర్‌స్పెల్ నాలుగూ ఉంచి, ప్రొహిబిట్ రెండు, ఎక్స్‌క్లూడ్ రెండు చేర్చాం. ప్రొహిబిట్ రెండు మనాకి చిన్నవాటిని ఆపుతుంది, ఇంకో రెండు కలిపితే నాలుగు ఖరీదు దాకా ఆపుతుంది. ఎక్స్‌క్లూడ్ క్రీచర్‌ని ఆపి ఒక ముక్క తిరిగి ఇస్తుంది. క్యాన్సిల్ నాలుగూ ఎగిరిపోయాయి. మూడు మనా అడుగుతూ కౌంటర్‌స్పెల్ పనికి మించి ఏమీ చెయ్యదు.

ఖాళీ అయిన చోట్ల చంపే కార్డులు వచ్చాయి: కాస్ట్ డౌన్ నాలుగు, చైనర్స్ ఈడిక్ట్ మూడు, స్నఫ్ అవుట్ రెండు, క్రిప్ట్ ర్యాట్స్ రెండు. వీటిని కలిపి వాడటానికి కారణముంది. కాస్ట్ డౌన్ లెజెండరీ అని రాసున్న క్రీచర్‌ని ముట్టుకోదు. స్నఫ్ అవుట్ బ్లాక్ క్రీచర్‌ని ముట్టుకోదు, కానీ స్వాంప్ ఉంటే మనా లేకుండా నాలుగు ప్రాణాలిచ్చి వెయ్యొచ్చు. ఈడిక్ట్ ఏ క్రీచర్‌నీ గురిపెట్టి చంపదు, ఎదుటివాడే తన క్రీచర్‌ని బలివ్వాలి, కాబట్టి గురిపెడితే అదనపు ఖర్చు కట్టించే వార్డూ, అసలు గురిపెట్టనివ్వని హెక్స్‌ప్రూఫూ దాని ముందు పనిచెయ్యవు. చిన్న టోకెన్ క్రీచర్లు పోగేసుకునే డెక్ మీద మాత్రం ఈడిక్ట్ వ్యర్థం, వాడు పనికిరానిదాన్నే ఇస్తాడు. అక్కడ అన్ని క్రీచర్లనీ ఒకేసారి కొట్టే ర్యాట్స్ కావాలి. ర్యాట్స్‌కి బ్లాక్ మనాయే పోయాలి, అది మన ప్రాణాలూ తీస్తుంది. లెక్క సరిచూసుకున్నాకే పొయ్యాలి.

ముక్కలు తెచ్చేవాటిలో ప్రీఆర్డెయిన్ నాలుగు, బ్రెయిన్‌స్టార్మ్ నాలుగు, మల్‌డ్రిఫ్టర్ నాలుగు, డీప్ అనాలిసిస్ ఒకటి. అబ్బాయి బ్రెయిన్‌స్టార్మ్‌ని మొదటి టర్న్‌లోనే వేసేస్తున్నాడు. మూడు ముక్కలు తీసి, రెండు చెత్తవి పైన పెడితే, వచ్చే రెండు టర్న్‌లూ ఆ చెత్తే డ్రా అవుతుంది. బ్రెయిన్‌స్టార్మ్ తర్వాత లోరియెన్ గానీ యాష్ బ్యారెన్స్ గానీ పారేస్తే డెక్ కలిపెయ్యొచ్చు, ఆ రెండూ పేకలో కలిసిపోతాయి. అందుకే మొదటి టర్న్‌కి ప్రీఆర్డెయిన్, బ్రెయిన్‌స్టార్మ్ చేతిలోనే. మా తాతగారి రమ్మీలో చేతిలో ముక్కలు మిగిలితే లెక్క మీద పడేది. ఇక్కడ చేతిలో పట్టుకోవడమే బలం. ఆ అలవాటు మార్చుకోడానికి నాకూ చాలా రోజులు పట్టింది.

అసలు జబ్బుకి ఇక్కడ వచ్చాం. ఆట తేలకపోవడం. 63 ముక్కల్లో గెలిపించేది ఒకే ఒక గుర్మాగ్ యాంగ్లర్. అది గ్రేవ్‌యార్డ్‌లోని (వాడేసిన కార్డుల కుప్పలోని) ముక్కల్ని తినేసి చౌకగా వస్తుంది. ఈడిక్ట్, డీప్ అనాలిసిస్ రెండోసారి వాడాలంటే అవే ముక్కలు అక్కడ ఉండాలి. ఒకే బావిలో రెండు బకెట్లు. దాన్ని తీసేసి టొలేరియన్ టెర్రర్ మూడు పెట్టాం. గ్రేవ్‌యార్డ్‌లో ఉన్న ఒక్కో ఇన్‌స్టంట్‌కీ సోర్సరీకీ (ఒక్కసారి పనిచేసి పోయే మంత్రాలు) దాని ఖరీదు ఒకటి తగ్గుతుంది, కానీ దేన్నీ తినదు. ఐదుండగా, ఏడు మనాది రెండుకే దిగుతుంది: 5/5 (దెబ్బా బలమూ ఐదేసి), వార్డ్ 2. డెక్‌లో అలాంటి కార్డులు సరిగ్గా 30. పారేసిన లోరియెన్ కూడా సోర్సరీయే, అదీ లెక్కలోకి వస్తుంది. నాలుగు మనా ఉన్నప్పుడు రెండుతో టెర్రర్, మిగతా రెండుతో కౌంటర్‌స్పెల్. ఇరవై ప్రాణాలున్నవాడికి నాలుగు దెబ్బలు.

పోటీలో రౌండ్ 50 నిమిషాలు, మూడు ఆటల్లో రెండు గెలవాలి, టైమయ్యాక ఐదు అదనపు టర్న్‌లు. ఒక్క యాంగ్లర్‌తో మొదటి ఆటే నలభై నిమిషాలు తినేస్తే, గెలిచే ఆట కూడా డ్రాగా మిగులుతుంది. వాడికి జరుగుతున్నది అదే.

కొత్తవి ఏవీ వెంటనే కొననివ్వలేదు. ఉన్న స్లీవుల్లో పాత కార్డు ముందు చీటీ పెట్టి, దాని మీద పేరూ ఖరీదూ పనీ రాశాం. స్నేహితుల మధ్య అది చాలు. అధికారిక పోటీలో మాత్రం చీటీలు చెల్లవు. ఇరవై ఆటలు ఆడాక కూడా కావాలనిపించిన కార్డుకే డబ్బు పెట్టాలి. తర్వాత అమ్మేవాళ్లని అడిగితే చాలా కామన్లు పది, ఇరవై రూపాయల్లో చెప్పారు. స్నఫ్ అవుట్‌కే ఎక్కువ అడిగారు. తపాలా ఖర్చు అన్యాయంగా ఉంది, అందుకే ముగ్గురు మిత్రులవీ కలిపి ఒకే ఆర్డర్ పెట్టమన్నాను.

సాయంత్రం ఎదురింటి కుర్రాడు ఎర్ర డెక్ పట్టుకుని వచ్చాడు. లాసన్స్ బే వైపు నుంచి గాలి. కార్డులు లేచిపోతుంటే రబ్బరు మ్యాట్ అంచుల మీద చెప్పులు పెట్టుకున్నాం. మొదటి ఆట మనవాడు ఓడాడు, తప్పు స్నఫ్ అవుట్‌దే. నాలుగు ప్రాణాలంటే ఒక లైట్నింగ్ బోల్ట్ (మూడు ప్రాణాలు తీసే ఎర్ర కార్డు) కంటే ఎక్కువ, మనమే మన మీద వేసుకున్నట్టు. ఎర్ర డెక్ ఎదురైతే రెండో ఆటకి స్నఫ్ అవుట్ రెండూ, డీప్ అనాలిసిస్, ఒక మల్‌డ్రిఫ్టర్ తీసి, సైడ్‌బోర్డ్ నుంచి ఎర్ర కార్డుల్ని అడ్డుకునే హైడ్రోబ్లాస్ట్ నాలుగూ దింపాలి. దీని అన్న బ్లూ ఎలిమెంటల్ బ్లాస్ట్ ఎర్రదాన్నే గురిపెట్టగలదు. హైడ్రోబ్లాస్ట్ దేన్నైనా గురిపెడుతుంది, ఎర్రదైతేనే పనిచేస్తుంది. టెర్రర్ ఖరీదు తగ్గించడానికి దాన్ని ఉత్తినే గ్రేవ్‌యార్డ్‌కి పంపాలన్నా వీలవుతుంది, అందుకే అదే మేలు. సైడ్‌బోర్డ్‌లో మిగతావి: గ్రేవ్‌యార్డ్ డెక్కుల కోసం నిహిల్ స్పెల్‌బాంబ్ మూడు, ఆర్టిఫాక్టుల కోసం యానల్ మూడు, సఫొకేటింగ్ ఫ్యూమ్స్ రెండు, డ్యూరెస్ రెండు, ఇంకో ర్యాట్స్.

రెండో ఆటలో ఐదో టర్న్‌కి టెర్రర్ దిగింది. ఎర్ర కుర్రాడి బోల్టుకి వార్డ్ కట్టడానికి మనా లేదు. మూడోది ఇంకా త్వరగా అయిపోయింది. గడియారం చూస్తే మూడు ఆటలకీ కలిపి 38 నిమిషాలు.

"ఇంకో మ్యాచ్ ఆడదాం, ఈసారి నేను ముందు" అన్నాడు ఎదురింటివాడు. కింద నుంచి వాళ్ల అమ్మగారు భోజనానికి పిలుస్తున్నారు. మేం అప్పటికే ముక్కలు కలుపుతున్నాం.