మా మిర్చి డబ్బులు న్యూయార్కులో ఆగిపోయాయి (నా అనుభవం)

2024 మార్చిలో, గుంటూరు మిర్చి యార్డుకి టిక్కీలు (మిర్చి బస్తాలు) పోటెత్తుతున్న రోజుల్లో, దుబాయ్ పార్టీకి తొడిమ తీసిన తేజా రకం మిర్చి ఒక కంటైనర్ పంపాను. ఇరవై శాతం అడ్వాన్సు మూడు రోజుల్లో పడింది. మిగతా ముప్పై వేల డాలర్ల పైచిలుకు కూడా అతను పంపేసి స్విఫ్ట్ కాపీ (బ్యాంకు డబ్బు పంపినట్టు చూపే కాగితం) వాట్సాప్‌లో పెట్టాడు. అది చూసుకుని నేను, యార్డులో రైతుల సరుకు ఇప్పించే మా కమీషన్ ఆయనకి "ఎల్లుండి వేసేస్తా బాబాయ్" అని మాటిచ్చేశాను. ఆ ఎల్లుండి రావడానికి నలభై ఒక్క రోజులు పట్టింది.

మొదటి వారమంతా అరండల్‌పేటలో మా బ్యాంకు బ్రాంచి చుట్టూ తిరగడమే. ఇక్కడ అడిగితే "ఇంకా రాలేదండీ", అక్కడ అడిగితే "మేం పంపేశాం". ఎనిమిదో రోజు ఫారెక్స్ (విదేశీ డబ్బు లావాదేవీలు) చూసే అమ్మాయి జాలిపడి కంప్యూటర్ నా వైపు తిప్పింది. డబ్బు దుబాయ్‌లోనూ లేదు, మన దగ్గరా లేదు, న్యూయార్కులో ఉంది. అమ్మినవాణ్ని నేను గుంటూరులో ఉన్నా, కొన్నవాడు దుబాయ్‌లో ఉన్నాడు, సరుకు చెన్నైలో ఎక్కి దుబాయ్ రేవు జెబెల్ అలీలో దిగింది, మధ్యలో న్యూయార్కుకేం పని అన్నాను.

డాలరు ఎక్కడినుంచి ఎక్కడికి వెళ్లినా దాదాపుగా అమెరికాలో ఉన్న బ్యాంకు ఖాతాల్లోనే ఒకచోట తగ్గించి ఇంకోచోట కలుపుతారట. అంటే ఆ కాసేపు మన డబ్బు వాళ్ల చట్టం కింద ఉన్నట్టే. అక్కడ ఖజానా శాఖలో ఓఫాక్ అనే విభాగానికి ఒక ఆంక్షల జాబితా ఉంది, వేల పేర్లు, మనుషులవీ కంపెనీలవీ ఓడలవీ. మా పార్టీ కంపెనీ పేరుకి, అందులో ఉన్న ఒక పేరుకి ఒక్క అక్షరం తేడా. అడ్వాన్సప్పుడు పేరు పొట్టిగా రాశారు కాబట్టి దాటిపోయింది, ఈసారి పూర్తిగా రాసేసరికి "పేరు తగిలిందండీ" అంది ఆ అమ్మాయి, ఏదో కరెంటు తీగ తగిలినట్టు.

ఇక ప్రశ్నలు మొదలయ్యాయి. ఓడ పేరేంటి, దాని ఐఎంఓ నంబరు (ఓడ గుర్తింపు సంఖ్య) ఎంత, సరుకు దుబాయ్‌ నుంచి ఇంకెక్కడికైనా, ముఖ్యంగా ఇరాన్‌కి, వెళ్తుందా, కొన్న కంపెనీలో ఎవరి వాటా ఎంత. వాటా ఎందుకంటే, జాబితాలో ఉన్నవాళ్లకి సగం గానీ అంతకుమించి గానీ వాటా ఉంటే ఆ కంపెనీ పేరు విడిగా లేకపోయినా ఉన్నట్టే లెక్క. ఐఎంఓ నంబరు క్లియరింగ్ ఏజెంటు ఇచ్చాడు. సరుకు ఉపయోగం ఏమిటి అన్నచోట నేను "కూరల్లో వేసుకోవడానికి" అని రాస్తే మేనేజర్ గారు కొట్టేసి "మానవ వినియోగానికి అని రాయండి సార్, వాళ్లకి కూర అంటే మళ్లీ ప్రశ్న వస్తుంది" అన్నారు. ఒక్కో జవాబు ముంబై వెళ్లి, అక్కడినుంచి న్యూయార్కు వెళ్లి, ఇంకో ప్రశ్న పట్టుకుని తిరిగొచ్చేది.

ఈలోగా కమీషన్ ఆయన ఫోను. "అబ్బాయ్, అమెరికాతో నాకేం పని, రైతు నా గుమ్మంలో కూర్చున్నాడు." నిజమే కదా. మా ఆవిడ గొలుసు, గాజులు పెట్టి గోల్డ్ లోన్ తీసి కొంత సర్దాను. ఆ వడ్డీ ఏ న్యూయార్కూ ఇవ్వదు.

అగ్రరాజ్యం అంటే నాకు చిన్నప్పటినుంచీ విమాన వాహక నౌకలు, భద్రతా మండలిలో వీటో, అంతే. ఆ నలభై రోజుల్లో చదువుతుంటే అసలు పట్టు ఎక్కడుందో తెలిసింది. 2014లో బీఎన్‌పీ పారిబా అనే ఫ్రాన్స్ బ్యాంకు, అమెరికా ఆంక్షలున్న సూడాన్, ఇరాన్, క్యూబా లావాదేవీలు డాలర్లలో నడిపినందుకు, అమెరికాకి దాదాపు 900 కోట్ల డాలర్లు కట్టింది. అంత పెద్ద బ్యాంకుకే ఆ గతి పట్టాక, నా మిర్చి కోసం ఏ గుమస్తా ధైర్యం చేస్తాడు? 2019 మేలో అమెరికా, ఇరాన్ మీద ఆంక్షల నుంచి ఇచ్చిన మినహాయింపులు ఆపేయగానే మనం ఇరాన్ చమురు కొనడం మానేశాం. ఏ యుద్ధనౌకా వచ్చి అడ్డం నిలబడలేదు, మనవాళ్లే మానుకున్నారు. ఆ చమురు కింద మన బ్యాంకులో జమైన రూపాయలతోనే ఇరాన్ మన బాస్మతి, టీ కొనేది, చమురు ఆగేసరికి ఆ కుండ ఖాళీ అవుతూ వచ్చింది. 2022లో అమెరికా, యూరప్ కలిసి రష్యా కేంద్ర బ్యాంకు నిల్వలు సుమారు 30 వేల కోట్ల డాలర్లు కదలకుండా చేశాయి. వాటి పక్కన నాది ఒక టిక్కీలో ఒక కాయ.

నలభై ఒకటో రోజు సాయంత్రం డబ్బు పడింది, విచారణ ఛార్జీలని అరవై ఐదు డాలర్లు కోసుకుని. "అనుమానం తీరింది" అని ఎవరూ ఒక్క ముక్క రాయలేదు.

ఉక్రోషం కొద్దీ తర్వాతి ఆర్డరుకి రూపాయల్లో పంపమన్నాను. 2023 జులైలో మన రిజర్వ్ బ్యాంకు, దుబాయ్ ఉన్న యూఏఈ కేంద్ర బ్యాంకు అందుకు ఒప్పందం కూడా చేసుకున్నాయి. పార్టీ నవ్వాడు. "రూపాయలు ఉంచుకుని నేనేం చేసుకోను భాయ్, దిర్హామ్ తీసుకో." సరే, వాళ్ల కరెన్సీ దిర్హామే అనుకుని చూస్తే, అది 1997 నుంచీ డాలరుకి 3.6725 దగ్గర కట్టేసి ఉంది, అంటే పేరు వేరైనా డాలరు వెంటే. పైగా నాకు కంటైనర్ కిరాయి చెప్పేది డాలర్లలో, పక్క యార్డువాళ్లు రేటు చెప్పేది డాలర్లలో. నా ఒక్కడి ఇన్వాయిస్ వేరే కరెన్సీలో ఉంటే లెక్క కుదర్చడానికే ఇంకో మనిషి కావాలి.

ఇన్వాయిస్‌లో కరెన్సీ దగ్గర మళ్లీ యూఎస్‌డీ అనే కొట్టాను. ఈసారి మాత్రం పార్టీ ట్రేడ్ లైసెన్సు, యజమానుల పేర్లు, ఓడ నంబరు ఎవరూ అడక్కముందే బ్యాంకులో ఇచ్చేశాను. ఉపయోగం దగ్గర, మానవ వినియోగానికి.