గవర్నర్ మారారు, మరి మన ఈఎంఐ?

2024 డిసెంబరు 11న సంజయ్ మల్హోత్రా గారు రిజర్వ్ బ్యాంకు గవర్నరుగా బాధ్యతలు తీసుకున్నారు. ఆరేళ్లు ఆ కుర్చీలో ఉన్న శక్తికాంత దాస్ గారు దిగిపోయారు. మా స్టాఫ్‌రూమ్‌లో దాని మీద పెద్ద చర్చేమీ జరగలేదు. "ఎవరొస్తే మనకేటి మాస్టారూ, ఒకటో తారీఖున జీతం పడితే చాలు" అని లెక్కల మాస్టారు తేల్చేశారు. ఆయనకి హోమ్‌లోన్ లేదు. నాకుంది. విజయనగరంలో ఇల్లు కట్టుకోవడానికి 2018 నవంబరులో 20 లక్షలు తీసుకున్నాను. మొదటి వాయిదా కట్ అయిన డిసెంబరులోనే అప్పటి గవర్నరు ఉర్జిత్ పటేల్ గారు రాజీనామా చేశారు. ఆ కంగారులో మొదలైన అలవాటే, రిజర్వ్ బ్యాంకు వార్తలు వదలకుండా చదువుతాను. పార్వతీపురంలో సబ్‌కలెక్టరుగా పనిచేసిన దువ్వూరి సుబ్బారావు గారు 2008 నుంచి ఐదేళ్లు గవర్నరుగా ఉన్నారు కాబట్టి, మా వైపు వాళ్లకి అది మరీ పరాయి కుర్చీ కూడా కాదు.

కొత్తాయన వచ్చాక తొలి సమీక్షలోనే, 2025 ఫిబ్రవరి 7న, రెపో రేటు, అంటే బ్యాంకులకి రిజర్వ్ బ్యాంకు అప్పిచ్చే వడ్డీ, 6.5 శాతం నుంచి 6.25కి తగ్గింది. సుమారు ఐదేళ్లలో అదే మొదటి కోత. ఏప్రిల్లో మరో పావు శాతం, జూన్ 6న ఏకంగా అర శాతం తగ్గించి 5.5కి తెచ్చారు. మనిషి మారాడు కాబట్టే రేటు మారిందనుకుంటే సగమే నిజం. నిర్ణయం ఆరుగురు సభ్యుల కమిటీది. గవర్నరుకీ ఒక్క ఓటే, ఓట్లు సమానమైతేనే ఇంకోటి. దాస్ గారి చివరి సమీక్షలోనే ఇద్దరు తగ్గిద్దామన్నారు, నలుగురు వద్దన్నారు.

సరే, ముంబైలో ఒక శాతం తగ్గింది. నా ఖాతాలో నయాపైసా తగ్గలేదు.

జూన్‌లో స్కూలు తెరిచాక, ఒక శనివారం సెలవు పెట్టి బ్యాంకుకి వెళ్లాను. కౌంటర్లో అమ్మాయి "మీది ఎంసీఎల్ఆర్ లోన్ సార్, నవంబరులో రీసెట్ అవుతుంది, అప్పటిదాకా ఆగండి" అంది. ఆ ముక్క నిజమే. 2019 అక్టోబరు 1 నుంచి ఇచ్చిన ఫ్లోటింగ్, అంటే వడ్డీ మారుతూ ఉండే, హోమ్‌లోన్లను రెపో లాంటి బయటి రేటుకి ముడిపెట్టాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన పెట్టింది. అవి కనీసం మూడు నెలలకోసారి సర్దుబాటు కావాలి. నాలాగా అంతకుముందు తీసుకున్నవాళ్లు ఎంసీఎల్ఆర్ అనే పాత పద్ధతిలోనే ఉండిపోయారు. అందులో బ్యాంకు తన ఖర్చులు లెక్కేసుకుని రేటు నిర్ణయిస్తుంది, మాకు ఏడాదికోసారే మారుతుంది. రెపో పద్ధతికి మార్పించుకునే వీలుందని మాత్రం ఆ అమ్మాయి చెప్పలేదు. నేను అడిగాక "ఉంది సార్, మేనేజర్ గారిని కలవండి" అంది.

మేనేజరు గారు మర్యాదగానే మాట్లాడారు. పనిలో పనిగా ఒక ఇన్సూరెన్స్ పాలసీ కూడా చేయించుకోమన్నారు. వద్దన్నాను. లోన్ స్టేట్‌మెంట్ ప్రింట్ తీయించమన్నాను. అది చూశాక అసలు టెన్షన్ మొదలైంది. వడ్డీ 9.2 శాతం. ఈఎంఐ 16 వేలు, అది తెలిసిందే. చివరి వాయిదా ఉన్న గడి దగ్గర 2044 అని ఉంది. నేను తీసుకున్నది 20 ఏళ్లకి, అంటే 2038లో తీరిపోవాలి. 2039లో నా రిటైర్మెంట్!

జరిగిందేమిటంటే, 2021లో వడ్డీ తగ్గినప్పుడు ఈఎంఐ తగ్గించారు, మేమూ సంతోషించాం. 2022 మే నుంచి తొమ్మిది నెలల్లో రెపో 4 నుంచి 6.5కి ఎగబాకినప్పుడు ఈఎంఐ ముట్టుకోలేదు, గడువు సాగదీశారు. జేబులో తేడా తెలియలేదు కాబట్టి అడగాలనీ తోచలేదు. ఇలాంటి వాటి కోసమే 2023 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకు ఒక సర్క్యులర్ ఇచ్చింది. రేటు మారినప్పుడు ఈఎంఐ పెంచుకుంటారా, గడువు పెంచుకుంటారా అని మననే అడగాలి. మూడు నెలలకోసారి మిగిలిన వాయిదాలు చూపించే స్టేట్‌మెంట్ అందుబాటులో ఉంచాలి. దాస్ గారి హయాంలో వచ్చిన వాటిల్లో నాకు బాగా నచ్చింది ఇదే.

రెపో పద్ధతికి మారడానికి దరఖాస్తు, కన్వర్షన్ ఫీజు, దానిమీద 18 శాతం జీఎస్టీ, స్టాంపు పేపరు మీద అదనపు ఒప్పందం. ఇవన్నీ చకచకా అయ్యాయి. ఆగింది సంతకం దగ్గర. మా ఆవిడ కో-అప్లికెంట్. 2018లో పుట్టింటి ఇంటిపేరుతో, తెలుగులో, పొడుగ్గా సంతకం పెట్టింది. ఇప్పుడు ఇంగ్లీషులో పొట్టిగా గీసేస్తోంది. "కలవడం లేదమ్మా, పాతలాగే పెట్టండి" అన్నారు ఆఫీసరు. తెల్లకాగితం మీద నాలుగైదుసార్లు రాసి చూసుకుంది. "ఎవరో చిన్నపిల్ల సంతకం కాపీ కొడుతున్నట్టుంది" అని నవ్వింది. మొత్తానికి కుదిరింది. కాగితాలు విశాఖపట్నంలోని వాళ్ల లోన్ల సెంటరుకి వెళ్లి రావాలి. అక్కడ కొన్నాళ్లు కదల్లేదు. రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, 30 రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చని మేనేజరు గారికి మెల్లగా గుర్తుచేశాను. అంతదాకా పోలేదు.

వడ్డీ 7.9కి దిగింది. అదే 16 వేలు కడితే అప్పు 2041లో తీరుతుంది. మా ఆవిడ మాత్రం "ఈఎంఐ తగ్గించండి, పిల్ల ఇంజినీరింగ్ ఫీజు ఎలా?" అంది. ఆవిడ మాటా కొట్టిపారేసేది కాదు. రెండు రోజులు ఇంట్లో అదే పంచాయితీ. చివరికి ఇంకో వెయ్యి పెంచి 17 వేలు చేశాం, 2039 మధ్యకి తీరిపోతుంది. చేతిలో డబ్బు ఆడితే మధ్యలో అసలుకి జమ చేయొచ్చు. ఫ్లోటింగ్ హోమ్‌లోన్‌ని ముందుగా తీర్చేస్తే పెనాల్టీ వేయకూడదు.

డిసెంబరు 5న రెపో మరో పావు శాతం తగ్గి 5.25 అయింది. తర్వాతి రీసెట్‌కి నా వడ్డీ కూడా 7.65కి వచ్చింది, ఎవర్నీ అడగలేదు. పాత లోన్లున్నవాళ్లు మా స్కూల్లో ఇంకా ముగ్గురున్నారు. వాళ్ల స్టేట్‌మెంట్లు కూడా తీయించమని చెప్పాను. ఒకాయన తీయించారు, ఆయనది 2047 అట.